ఒక్క మాట వాపసు కోసం, అడ్డదారిన

ఉప్పల్ నుంచి భూపాలపల్లి పక్కనున్న గణపురానికి తిన్నగా పోయే పెద్ద రోడ్డు ఒకటుంది. నున్నగా ఉంటుందట. పొద్దున ఇడ్లీ తిని ఎక్కితే మధ్యాహ్నం అన్నం వేళకు దింపేస్తుందట. జనగామ దాటాక ఆ రోడ్డు ఎలా ఉంటుందో నన్నడక్కండి. చూడలేదు. పంతం పట్టి మరీ చూడలేదు.

కారణం మా అల్లుడు. "అత్తమ్మా, అంత దూరం మీతోని కాదు, నేనే బండి పంపిస్త" అన్నాడు ఫోన్లో. నాతో కాదట! పెళ్ళికి ముందే తెనాలి మార్కెట్టు సెంటర్లో, రిక్షాల మధ్య, మా నాన్న అంబాసిడర్‌ను వెనక్కి తిప్పిన మనిషిని నేను. అప్పుడే తేల్చుకున్నాను. నా పాత చిన్న కారులో, నేనొక్కదాన్నే, ఊళ్ళలోంచి, అడ్డదారుల్లోంచి, చూడదగ్గవన్నీ చూసుకుంటూ తీరిగ్గా వస్తాను. మా ఆయన మాత్రం బస్సులో ముందే వెళ్ళిపోయాడు. నా డ్రైవింగంటే ఆయనకు భయం లేదు. పక్కన కూర్చుంటే నా పాత సంగతులన్నీ వినాల్సి వస్తుందని భయం.

ఆ పాత సంగతుల్లో ఒకటి మీరూ వినక తప్పదు.

మా అమ్మాయి లావణ్యను గణపురం వాళ్ళకిచ్చాం. నిశ్చితార్థానికి యాభై మందిమి వస్తామన్నారు. బస్సు దిగుతుంటే దిగుతూనే ఉన్నారు. లడ్డూలు చాలవని నాకు తెలిసిపోయింది. వంటగదిలోకి వెళ్ళి ఒక్కో లడ్డూనూ సగానికి విరిచి, విరిగిన వైపు కిందికి తిప్పి, పక్కన ఒక జీడిపప్పు ఆనించి పంపించాను. ఎవరూ కనిపెట్టలేదు, మా వియ్యపురాలు సారమ్మ తప్ప. ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. చూసి ఊరుకుందా? హాలంతా వినపడేలా, "మా వదినె మస్తు ఇగురం గల్ల మనిషి!" అంది. వాళ్ళ వాళ్ళంతా తలలూపారు. ఒకావిడ నవ్వింది కూడా.

మా తెనాలి వైపు ఇగురు అంటే కూర. రొయ్యల ఇగురు, కోడిగుడ్ల ఇగురు. నీరంతా ఇగిరిపోయేదాకా పొయ్యి మీద మగ్గబెట్టేది. అసలే నేను సన్నగా ఉంటాను. పైగా లడ్డూలు విరుస్తూ దొరికాను. ఎండిపోయిన మనిషి, పిసినారి మనిషి. రెంటినీ ఒక్క మాటలో ఇరికించిందని అర్థం చేసుకోవడానికి నిఘంటువు కావాలా?

ఆ మాటేమిటో నేను ఎవరికీ చెప్పలేదు. నన్నన్న మాటను నా నోటితో నేనే పలికితే రెండోసారి అనిపించుకున్నట్టు. గణపురం గడప మాత్రం తొక్కలేదు. వాళ్ళు మా ఇంటికొస్తే మర్యాదలన్నీ చేశాను. పెరుగు మాత్రం మీగడ తీసి వడ్డించాను.

ఇప్పుడు మనవరాలికి చెవులు కుట్టించే దావత్ పెట్టారు. అమ్మమ్మ వైపు నుంచి కమ్మలు వెళ్ళాలి. లావణ్యకు ఫోన్ చేసి చెప్పాను. "లడ్డూల దగ్గర మీ అత్తగారు నన్నొక మాటంది. ఏ మాటో ఆవిడకు తెలుసు. నేను గడపలో కాలు పెట్టకముందే, అందరి ముందూ అది వాపసు తీసుకోవాలి. అప్పుడే కమ్మల డబ్బా నా సంచిలోంచి బయటికొస్తుంది."

"అమ్మా, నీకో దండం" అంది లావణ్య. దండం సంగతి తర్వాత, కబురు చేరవెయ్యమన్నాను. చేరవేసింది. ఆవిడ సరేనందట.

జనగామకు ముందు, పొట్టి జిరాఫీ

జనగామ ఇంకా రాకముందే రోడ్డు పక్క హోటలొకటి, ముందు సిమెంటు జిరాఫీని నిలబెట్టింది. జనం ఆగి ఫొటోలు తీసుకుంటున్నారు. నేనూ ఆగాను. నా కారు తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. అద్దం దించి, చెయ్యి బయటపెట్టి, బయటి పిడి లాగాలి. అద్దం కూడా మనసుంటేనే దిగుతుంది. నేను దాంతో కుస్తీ పడుతుంటే హోటలు వాచ్‌మన్ వచ్చి తలుపు తీసి, "దిగు అవ్వా" అన్నాడు.

మీసాలు నెరిసినాయన. నా కంటే ఏడాదో రెండేళ్ళో పెద్దే అయి ఉంటాడు. అవ్వా! మా వైపు అవ్వంటే బోసినోటి ముసలమ్మ. పైగా "దిగు" అట, "దిగండి" కాదు.

"నేను నీకు అవ్వనా? నీ మీసం చూసుకున్నావా అద్దంలో?" అన్నాను.

"ఏమైందవ్వా? ఎందుకు పరేషాన్ అయితున్నవ్?" అన్నాడు అమాయకంగా.

"ముందు మీ జిరాఫీ సంగతి చూడు. మెడ సగం కట్టేసరికి సిమెంటు అయిపోయిందా? ఇది జిరాఫీ కాదు, మచ్చలున్న దూడ."

ఆయన తలెత్తి జిరాఫీని చాలాసేపు చూశాడు. ఆ కోణంలో ఎప్పుడూ చూసినట్టు లేడు. చాయ్ ఇరవై రూపాయలు. నీళ్ళలా ఉంది. అదీ చెప్పే వచ్చాను.

చిల్పూరు గుట్ట, బుగులు పట్టిన దేవుడు

చిల్పూరుకు దారి అడిగితే సైకిలాయన "గీడనే" అన్నాడు. "గీడనే" అంటే ఇక్కడే అని. ఆ వైపు వాళ్ళ కొలతల్లో ఇది చాలా సాగే మాట. ఎన్ని మలుపులు తిరిగానో తెలియదు, ప్రతి మలుపులోనూ ఒకరు "గీడనే" అన్నారు. పత్తి చేలు విచ్చుకుని తెల్లగా ఉన్నాయి. గట్ల మీద తంగేడు పసుపుగా పూసింది. మా వైపు కాలవలు, కొబ్బరి చెట్లు చూసిన కళ్ళకు ఈ ఎర్రమట్టి, గుండ్రాళ్ళు కొత్తగా ఉంటాయి. ఎవరో గుట్టల్ని పేర్చి, నచ్చక, మధ్యలో వదిలేసి పోయినట్టుంటుంది.

గుట్ట మీద దేవుడు బుగులు వెంకటేశ్వరస్వామి. మెట్ల కింద పూలమ్మే అమ్మాయిని బుగులంటే ఏమిటని అడిగాను.

"బుగులంటే బుగులే. భయం. ఫికర్."

"దేవుడికి భయమేమిటి?"

"పెండ్లికి అప్పు జేసిండు గదా. గది ఎట్ల దీర్చాలె అని బుగులు వట్టి గీ గుట్ట మీదికొచ్చి కూసున్నడట. తిరుపతిల అందరు సూస్తరని గాదు?" అంది నవ్వుతూ. కొబ్బరికాయ నలభై.

నాకా దేవుడు వెంటనే నచ్చాడు. తిరుపతిలో ఆయన ముఖం చూడబోయేసరికే పక్కకు లాగేస్తారు. ఇక్కడ చింతపడే ఆడపెళ్ళివారిలా తీరిగ్గా దొరికాడు. నిలబడి మొక్కుకున్నాను. స్వామీ, సారమ్మ ఆ మాట వాపసు తీసుకోవాలి. సణుగుతూ కాదు, గట్టిగా, అందరూ వినేలా. తీసుకుంటే తిరుగు దారిలో వచ్చి ఇంకో కొబ్బరికాయ కొడతాను.

మొక్కులో ఏ సందూ లేకుండా చెప్పాననుకున్నాను.

పాలకుర్తి, బజ్జీల బండి దగ్గర

పాలకుర్తిలో సోమేశ్వరుడి గుట్ట మధ్యకు చీలి ఉంటుంది. పూర్వం ఓ ముసలి భక్తురాలు గుట్ట చుట్టూ తిరగలేకపోతే ఆమె ప్రదక్షిణకు దారిచ్చి చీలిందని చెప్తారు. రెండు బండల మధ్య ఒదిగి నడవాలి. నేను సులువుగానే దూరాను. సన్నగా ఉండటం ఒక్కోసారి పనికొస్తుంది. సారమ్మ అయితే దూరలేదని కూడా అనుకున్నాను. దేవుడి దగ్గర అనుకోకూడదు కానీ, అనుకున్నాను.

కిందికొచ్చి బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీలు తిన్నాను. నాలుగు బజ్జీలు ముప్పై రూపాయలు. మా వైపు బజ్జీలో వాము, చింతపండు కూరి పెడతారు. ఇక్కడ పైన పచ్చి ఉల్లిగడ్డ చల్లి నిమ్మకాయ పిండారు. బాగున్నాయి. బాగున్నాయని చెప్పాను కూడా. ఎవరినైనా మెచ్చుకోవడం నాకు అలవాటు లేదు, ఆ రోజు నోరు జారింది. బండి యాదమ్మ సంబరపడి, నా కారుకున్న పాత ఏపీ నంబరు చూసి, "ఆంధ్ర నుంచి ఒక్కదానివే వస్తున్నవా? ఏడికి పోతవ్?" అంది.

"మహబూబాబాదు."

"మానుకోటకా! తొర్రూరు తొవ్వ మంచిగ లేదక్కా. జర ఇగురంగ పో."

బజ్జీ నా నోట్లోనే ఆగిపోయింది. "ఏమన్నావు?"

"ఇగురంగ పొమ్మన్న."

"నువ్వు కూడానా!"

"నేను గూడ ఏంది?" యాదమ్మ గరిటె పట్టుకుని బిత్తరపోయింది. "మంచికే అంటున్న గదక్కా."

ఇగిరిపోతూ వెళ్ళమని మంచికెవరంటారు? సారమ్మ ఆ మాటను గణపురం నుంచి పాలకుర్తి దాకా మోసుకొచ్చి నాకంటే ముందు పంచి పెట్టిందని నాకు నమ్మకం కుదిరింది. నాలుగో బజ్జీ పళ్ళెంలోనే వదిలేసి కారెక్కాను. నిజం చెప్పాలంటే ఆ బజ్జీ కోసం తొర్రూరు దాకా బాధపడ్డాను.

రోడ్డు మటుకు ఆమె చెప్పినంత గొప్పగానూ ఉంది. గుంతలో పడి లేచిన ప్రతిసారీ యాదమ్మ నాకు గుర్తొచ్చింది.

మానుకోట

మహబూబాబాదును అక్కడ అందరూ మానుకోట అంటారు. రాత్రి అక్కడ లాడ్జిలో పడుకున్నాను. గదికి కిటికీ ఉంది, కిటికీ తెరిస్తే ఇంకో లాడ్జి కిటికీ ఉంది. కింద మెస్సులో ఇచ్చిన పుంటికూర పప్పు తిని ఇది గోంగూరేనని వాదించాను. వడ్డించే ఖాజా భాయ్ ఓపిగ్గా విని, "గోంగూర మీకాడ అమ్మా, ఈడికొస్తే పుంటికూర. బస్సు మారినట్టు పేరు మారుతది" అన్నాడు.

అప్పుడే నాకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు. పప్పులో ఉప్పు ఎక్కువైందన్న విషయం మీదే ఉంది నా ధ్యాసంతా.

భీముని పాదం

మర్నాడు తెల్లవారగానే గూడూరు అడవి వైపు తిరిగాను. భీముని పాదం అనే జలపాతం చూసి, పొద్దెక్కేసరికి తిరిగి రోడ్డెక్కి, మధ్యాహ్నానికి గణపురం చేరాలని నా లెక్క. అడవి మొదలయ్యాక దారంతా టేకు ఆకులు. తండాల్లో ఆడవాళ్ళు బిందెలతో ఎదురొచ్చారు, కారు చూసి పక్కకు తప్పుకుంటూ "ఒక్కతే వస్తుంది, సూడు" అనుకున్నారు. అనుకోనీ.

జలపాతం చిన్నదే, చక్కగా ఉంది. బండల మీది నుంచి తెల్లటి చీర జారవిడిచినట్టు. అక్కడ జామకాయలు అమ్ముతున్న ఆయన్ని పాదమేదని అడిగాను.

"గదే పాదం. నీళ్ళ కిందున్నది."

"నీళ్ళ కిందుంటే ఎలా కనపడుతుంది?"

"ఎండకాలం రావాలె. అప్పుడు కనవడ్తది."

"ఎండాకాలం జలపాతముంటుందా?"

"ఉండది. పాదముంటది." ఇందులో అర్థంకానిదేముందన్నట్టు చూశాడు.

పాదం చూడకుండా పోతే అల్లుడి ముందు నా మాట పోతుంది. బండ మీద కాలు పెట్టి వంగి చూడబోయాను. జారాను. మడుగు మోకాలి లోతే కానీ, భుజాన సంచి మునిగింది, సంచిలో ఫోను మునిగింది, ఎడమ కాలి చెప్పు తేలుతూ వెళ్ళిపోయింది. కమ్మల డబ్బాను ముందురోజే ప్లాస్టిక్ కవర్లో చుట్టబట్టి బతికిపోయింది.

భీముడు అక్కడ పాదం పెట్టి పోయాడు, నేను చెప్పు పెట్టి వచ్చాను. జామకాయలాయన నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగాడు. భుజాలు కదలడం నేను చూశాను. మర్చిపోను.

గూడూరులో నూట ఇరవై పెట్టి రబ్బరు చెప్పులు కొన్నాను. గులాబీ రంగువి తప్ప నా సైజుకు ఇంకేవీ లేవన్నాడు. పట్టుచీర, గులాబీ రబ్బరు చెప్పులు.

గూడూరు దాటాక, మక్కల మీద

ఆ వైపు పంట నూర్చాక గింజలు రోడ్డు మీదే ఆరబోస్తారు. సగం రోడ్డు బళ్ళకు, సగం గింజలకు. మధ్యలో రాళ్ళు వరసగా పెడతారు. నర్సంపేట వైపు ఓ ఊరి దగ్గర రాళ్ళేవీ కనపడలేదు. రోడ్డంతా పచ్చగా ఉంది. ఏదో అందంగా ఉందనుకునేలోపే చక్రాల కింద మొక్కజొన్న గింజలు పటపటమన్నాయి.

"ఓ అవ్వా! ఆపు, ఆపు! మక్కలు!"

ఒక ముసలావిడ చీపురెత్తుకుని పరుగెత్తుకొచ్చింది. వెనకాల ఆమె కోడలు. నేను అద్దం దించి, ప్రభుత్వ రోడ్డు ఎవరి సొత్తు అనే ప్రశ్నతో సిద్ధంగా ఉన్నాను. కానీ ఆమె నన్ను చూడనే లేదు. గిర్రున కోడలి వైపు తిరిగింది.

"జర్రంతన్న ఇగురం ఉన్నదానే నీకు? రోడ్డంత పరుస్తవా? బండ్లెట్ల వోవాలె? సగం ఇడిశిపెట్టి రాళ్ళు వెట్టాలని తెల్వదా? ఇగురం లేనిదానివి!"

కోడలు తలొంచుకుంది. నాకు ఒళ్ళు మండింది. మళ్ళీ అదే మాట, పాపం ఆ పిల్లను. కారు దిగి, గులాబీ చెప్పులతో మక్కల మీదే నిలబడి, "ఎందుకమ్మా ఆ పిల్లనంటావు? ఇగురం లేకపోతే మంచిదే కదా! ఉంటేనే తప్పు!" అన్నాను.

చీపురు గాల్లో ఆగింది. అత్తా కోడళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు.

"ఏందవ్వా? ఇగురం లేకుంటే మంచిదా?"

"మంచిదే. ఇగిరిపోకుండా నిండుగా ఉందన్నమాట."

"ఏది నిండుగున్నది?" అంది కోడలు తన చుట్టూ చూసుకుంటూ.

ముసలావిడ చీపురు దించింది. "ఇగురం లేకుంటే సంసారమెట్ల ఎల్లుతదవ్వా? ఉన్నదాంట్లనే నలుగురికి సరివెట్టాలె. ఎవలకు తక్కువ గావద్దు, తక్కువున్నదని ఎవలకు తెల్వద్దు. గా తెలివినే ఇగురమంటరు. మా అత్త సచ్చిపోయేలోపల ఒక్కపారి అన్నది నన్ను, ఇగురం గల్లదానివే అని. గా ఒక్క మాట ఊరంత తిరిగి చెప్పుకున్న."

ఉన్నదాంట్లో నలుగురికి సరిపెట్టడం. విరిగిన వైపు కిందికి. పక్కన జీడిపప్పు.

నేను రోడ్డు మీద కూర్చుండిపోయాను.

"దూపైతుందా? నీళ్ళు తేవాల్నా?" అంది కోడలు. ఆ తర్వాత, "మీ దిక్కు ఇగురమంటే ఏందవ్వా?" అని అడిగింది.

"ఇగురం అనం. ఇగురు అంటాం. కూర. నీళ్ళు ఇగిరిపోయేదాకా వండేది."

కోడలు కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "అయితే నిన్నెవలన్న కూర అన్నరనుకున్నవా?"

ఇందాక నేను వెనకేసుకొచ్చిన పిల్లే. ఇద్దరూ రోడ్డు మీద కూర్చుని నవ్వారు. ఒక లారీవాడు వచ్చి, హారన్ కొట్టి, ఏమనుకున్నాడో చేలో దిగి చుట్టూ తిరిగి పోయాడు.

నా సంగతి అప్పటికి ఇదీ. మా వియ్యపురాలు ఊరంతా చెప్పుకోదగ్గ మాట నాకు ఇచ్చింది. దాన్ని ఇంకో రెండు మూడు గంటల్లో, నేను కోరినట్టే, అందరి ముందూ వెనక్కి తీసుకోబోతోంది. ఆపాలి. ఫోను నీళ్ళు తాగి నల్లగా ఉంది. కోడలు తన ఫోనిచ్చింది. లావణ్య నంబరు నోటికి రాదు. ఈ రోజుల్లో ఎవరి నంబరు ఎవరికి వస్తుంది? మా ఆయనది ఒక్కటే వచ్చు. మూడుసార్లు చేశాను. ఎత్తలేదు. తెలియని నంబర్లు ఎత్తితే ఊరుకోనని ఆయనకు హెచ్చరిక ఇచ్చింది నేనే. జీవితంలో ఆయన నా మాట ఇంత నిష్ఠగా విన్న సందర్భం ఇంకొకటి లేదు.

చెదిరిన మక్కలు ఊడ్చి పోసేదాకా ముసలావిడ నన్ను వదల్లేదు. ఊడ్చాను. పోతుంటే జొన్నరొట్టెలో పచ్చిమిరపకాయ తొక్కు చుట్టి చేతిలో పెట్టింది. ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో రొట్టె. దారి పొడుగునా బుగులు వెంకన్నకు రెండో మొక్కు మొక్కుతూ పోయాను. స్వామీ, మొదటిది రద్దు చెయ్యి.

ములుగు దాటాక గణపురం ఎంత దూరమని అడిగితే ఒకాయన "గీడనే" అన్నాడు. నాకు నిజంగా బుగులు పట్టింది.

గణపురం

గణపురంలో కోటగుళ్ళున్నాయి, కాకతీయుల నాటివి. ఆగి చూడాలనుకున్నాను. ఇంత రాతి పనిని పక్కనుంచి దూసుకుపోతూ చూసిన దౌర్భాగ్యం నాకు పట్టించింది సారమ్మే.

ఇంటి ముందు షామియానా. బంధుబలగమంతా బయటే ఉంది. గడప దగ్గర సారమ్మ, మెరిసే ఆకుపచ్చ చీరలో, ఊరేగింపుకు ఎదురొచ్చినట్టు నిలబడి ఉంది. కారు ఆపీ ఆపకముందే చేతులెత్తి, "అందరు ఇనుండ్రి!" అంది.

నేను తలుపు తీయబోయాను. రాదు. అద్దం దించబోయాను. మక్కల దుమ్మేదో ఇరుక్కుంది. దిగదు.

"మా కోడలు ఎంగేజ్‌మెంట్ నాడు, లడ్డూల కాడ, నేను మా వదినెను ఇగురం గల్ల మనిషి అన్న."

అద్దం మీద రెండు చేతులతో బాదాను. పిల్లలు టాటా చెప్తున్నాననుకుని చేతులూపారు.

"గా మాట ఆమెకు నచ్చలే. ఎందుకు నచ్చలేదో నాకెర్కలే. గాని పిల్లనిచ్చినామె, పెద్దామె. అందుకని వాపసు తీసుకుంటున్న. మా వదినెకు ఇగురం లేదు. జర్రంత గూడ లేదు!"

ఆ "జర్రంత గూడ" నేను అడగలేదు. అది ఆవిడ సొంతం.

బుగులు వెంకన్న మొక్కు తీర్చాడు. గట్టిగా, అందరూ వినేలా. మొదటిది.

అల్లుడు పరుగున వచ్చి తలుపు తీశాడు. ఒక్క దూకున దిగాను. "వదినగారూ, ఆగండి! నాకుంది!"

"ఏమున్నది వదినె?"

"ఇగురం!"

షామియానా కింద నవ్వులు. మా ఆయన కుర్చీలోంచి లేచి, నా గులాబీ చెప్పులు చూసి, మళ్ళీ కూర్చున్నాడు.

"నువ్వే వద్దంటివి గద?"

"అప్పుడు వద్దు. ఇప్పుడు కావాలి."

"గిదేమన్న కిరాణా దుకాణమా వదినె, వాపసిచ్చి మల్ల కొండవోతానికి?" అంది సారమ్మ. "వాపసొచ్చిన మాట ఊకెనే ఇయ్య. సూద్దాం తియ్యి. కమ్మలిస్తవా, గవి గూడ వాపసేనా?"

ఆవిడ పెదవి చివర నవ్వు కనపడింది. నా పొరపాటు ఏమిటో ఆవిడకు ఎప్పుడో అర్థమైపోయిందని నా అనుమానం. కాదు, నమ్మకం. కమ్మలిచ్చాను. ఔసలాయన, అంటే కంసాలి, పిల్లకు చెవులు కుట్టాడు. పిల్ల ఏడ్చింది. నాకూ ఏడవాలనే ఉంది కానీ నా వంతు ఎవరూ అడగలేదు.

ఇక దావత్. బగారన్నం, యాటకూర, అంటే మేకమాంసం. మా వైపు పెళ్ళిళ్ళకు పులిహోర, పూర్ణాలు, పెరుగు. ఇక్కడ యాట తెగకపోతే పిలిచినట్టే కాదు. జనం బస్సు దిగినట్టే దిగుతున్నారు. మూడో బంతి కూర్చునేసరికి నేను వంట దగ్గరికెళ్ళి గిన్నెలోకి తొంగిచూశాను. షేర్వా ఉంది, ముక్కలు అడుగున నాలుగున్నాయి. బయట ఇంకో బంతికి జనం చేతులు కడుక్కుంటున్నారు. సారమ్మ నుదుట చెమట. గడప ముందు గొంతు చించుకున్న మనిషి ఇప్పుడు గరిటెతో గిన్నె అడుగు దేవుతోంది.

అల్లుణ్ణి పంపి రెండు అట్టల కోడిగుడ్లు తెప్పించాను. ఉడకబెట్టి, పూలదండలోంచి లాగిన దారంతో ఒక్కోటీ సగానికి కోశాను. దారంతో కోస్తే పచ్చసొన చెదరదు. కోసిన వైపు కిందికి పెట్టి, షేర్వాలో వదిలి, పైన కొత్తిమీర చల్లి పంపించాను. చివరి బంతిలో ఒక పెద్దాయన, "గుడ్డు గూడ ఏసిండ్రా! మస్తు చేసిండ్రు" అన్నాడు.

సారమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. అచ్చం ఆనాటిలాగే. నేను గరిటె పట్టుకుని ఎదురుచూశాను. కావాలనే ఆవిడకు దగ్గరగా రెండుసార్లు తిరిగాను.

ఏమీ అనలేదు. నాకు అన్నం పెట్టి, పెరుగు తెచ్చి పోసింది. మీగడ తీసిన పెరుగు.

తిరుగు దారి

మర్నాడు బయల్దేరేటప్పుడు మా ఆయన నా పక్కన ఎక్కక తప్పలేదు. సారమ్మ కారు కిటికీలోకి వంగి, ఒక డబ్బా నా ఒళ్ళో పెట్టి, "ఇగురంగ పో వదినె" అంది. డబ్బా నిండా మీగడ.

"వచ్చేసిందిగా నీ మాట. ఇంక వదిలెయ్యి" అన్నాడు మా ఆయన ఊరు దాటాక.

"ఎక్కడొచ్చింది? ఇగురంగ పో అంటే జాగ్రత్తగా వెళ్ళమని. పాలకుర్తిలో బజ్జీల యాదమ్మ కూడా అంది. ఇగురం గల మనిషి వేరు. ఇది బండికి చెప్పిన మాట, నాకు చెప్పింది కాదు."

"మరి మీగడ?"

"మీగడ మీగడే. మాట మాటే."

పాలకుర్తిలో యాదమ్మ బండి దగ్గర ఆగి, నాలుగో బజ్జీ ఇంకా నాకు రావాలన్నాను. ఆమె ఒక్క క్షణం చూసి, వేడివేడిది వేసిచ్చింది.

చిల్పూరు దగ్గర కారు తిప్పాను. మొక్కు తీరింది కదా, కొబ్బరికాయ కొట్టాలి. వద్దనుకున్న మొక్కుకు కొబ్బరికాయ కొట్టిన మనిషిని ఆ దేవుడు నన్నొక్కదాన్నే చూసి ఉంటాడు. పూలమ్మాయి నన్ను గుర్తుపట్టింది.

"మొక్కు తీరిందా అవ్వా?"

"తీరింది. అదే నా ఏడుపు."

జరిగింది చెప్పాను. పూలు పక్కనపెట్టి పడీపడీ నవ్వి, "అయితే మల్ల మొక్కుకో. ఈపారి జర ఇగురంగ మొక్కుకో అవ్వా" అంది.

ఈసారి ముందే అడిగాను. "అవ్వంటే ఏమిటి మీ వైపు?"

"అవ్వంటే అవ్వనే. అమ్మ."

కారెక్కాక గేరు తప్పు వేశాను. మా ఆయన రెండుసార్లు నా వైపు చూసి, ఒంట్లో బాగానే ఉందా అన్నాడు. వాచ్‌మన్ అన్న అవ్వ సంగతి చెప్పాను. జనగామ దాటాక పొట్టి మెడ దూరం నుంచే కనపడింది. కింద మీసాల వాచ్‌మన్ ఎవరిదో తలుపు తీస్తున్నాడు.

"ఆగుదామా? ఆయన్నన్న మాటలేవో వాపసు తీసుకుందువుగాని" అన్నాడు మా ఆయన.

హారన్ కొట్టాను. ఆయన తలెత్తి, గుర్తుపట్టి, చెయ్యెత్తాడు. నేనూ ఎత్తాను.

"అవ్వ సంగతి వాపసు తీసుకున్నట్టే" అన్నాను గేరు మారుస్తూ. "జిరాఫీ సంగతి తీసుకోను."